నార్వే పూర్వీకుల వెతుకులాట ఇంటిపేరు దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

సంక్షిప్తంగా: నార్వే పల్లెల్లో చాలా కుటుంబాలకు 1923 దాకా స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరు ఒకటి, నివసించే ఫామ్ పేరు ఒకటి మనిషి పేరుకు తోడయ్యేవి. తరం మారితే మొదటిది, ఇల్లు మారితే రెండోది మారిపోయేది. అందుకే ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్లేవాళ్లు రెండు మూడు తరాలకే దారి తప్పుతారు. చర్చి రిజిస్టర్లు, జనగణనలు మాత్రం అసాధారణంగా బాగా మిగిలాయి. మనిషి ఏ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) ఏ ఫామ్‌లో పుట్టాడో దొరికితే ఆ కుటుంబం చరిత్ర చాలాసార్లు 1700ల దాకా తెలుస్తుంది.

1825 జులై 4న నార్వే నైరుతి తీరంలోని స్టవాంగర్ రేవు నుంచి 'రెస్టారేషన్' అనే చిన్న తెరచాప ఓడ 52 మందితో బయల్దేరింది. అక్టోబరు 9న న్యూయార్క్ చేరేసరికి, దారిలో పుట్టిన పాపతో కలిపి 53 మంది అయ్యారు. ఆ తర్వాతి వందేళ్లలో దాదాపు 8 లక్షల మంది నార్వే వదిలి ఉత్తర అమెరికా వెళ్లారు. 1801లో ఆ దేశ జనాభా మొత్తం 8.8 లక్షలే. వలస వెళ్లినవారి నిష్పత్తిలో ఐరోపాలో ఐర్లండ్ ఒక్కటే నార్వేను మించింది. 2025లో, రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా, పాత ఓడ నమూనాలో కట్టిన ఓడ అదే దారిలో మళ్లీ న్యూయార్క్ వెళ్లింది. మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో స్థిరపడిన ఆ వలసదారుల వారసులకు పూర్వీకులను వెతుక్కోవడం ఎప్పటి నుంచో ఇష్టమైన పని. ఈ వార్షికోత్సవంతో అది ఇంకా పెరిగింది.

వెతుకులాట మొదలుపెట్టిన ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. తాతగారి ఇంటిపేరును నార్వే రికార్డుల్లో వెతికితే వేలమంది కనిపిస్తారు, లేదంటే ఒక్కరూ కనిపించరు. ఇది రికార్డుల లోపం కాదు. అక్కడ పేరు పనిచేసిన తీరే వేరు.

పేరులో మూడు భాగాలు

హాన్స్ అనే రైతుకు ఓలే అనే కొడుకు, కారి అనే కూతురు ఉన్నారనుకుందాం. కొడుకు ఓలే హాన్సెన్, అంటే హాన్స్ కొడుకు ఓలే. కూతురు కారి హాన్స్‌డాటర్, అంటే హాన్స్ కూతురు కారి. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, పేరు చివర మాత్రం రెండు రకాలు. ఓలేకి లార్స్ పుడితే అతను లార్స్ ఓల్సెన్. లార్స్ కొడుక్కి తాత పేరు పెడితే ఓలే లార్సెన్. హాన్సెన్, ఓల్సెన్, లార్సెన్ అని మూడు తరాలకు మూడు పేర్లు వచ్చాయి. వీటిలో ఏదీ నేటి అర్థంలో ఇంటిపేరు కాదు. తండ్రి ఎవరో చెప్పే వివరం మాత్రమే.

పెళ్లయ్యాక కారి పేరు మారదు. చనిపోయేదాకా ఆమె హాన్స్ కూతురే. భర్త పేరుతో వెతికితే ఆమె దొరకదు. సొంత తండ్రి పేరుతో వెతికితే మరణ నమోదు దాకా దొరుకుతుంది. స్త్రీల వైపు వంశాన్ని వెతికేవారికి ఇది పెద్ద మేలు. చాలా దేశాల రికార్డుల్లో పెళ్లితో స్త్రీ పుట్టింటి ఆనవాలు పోతుంది. నార్వే పల్లెల్లో పోలేదు.

ఇక మూడో భాగం ఫామ్ పేరు. ఇళ్లన్నీ ఒకచోట గుంపుగా ఉండే పల్లెలు నార్వేలో తక్కువ. లోయల వెంబడి, సముద్రపు పాయల ఒడ్డున, సాగుకు పనికొచ్చే కొద్దిపాటి నేల ఎక్కడుంటే అక్కడ ఫామ్ వెలిసింది. ఇల్లు, కొట్టం, పొలం, పచ్చిక, అడవిలో వాటా కలిపితే ఒక ఫామ్. ప్రతి ఫామ్‌కీ సొంత పేరుంది. హౌగెన్ ఫామ్‌లో ఉండే ఓలే హాన్సెన్‌ను ఓలే హాన్సెన్ హౌగెన్ అనేవారు. పాస్టర్ రిజిస్టరులో రాసేటప్పుడు అదే పేరుగల మరో నలుగురి నుంచి అతన్ని వేరు చేసింది ఆ మూడో మాటే.

ఇల్లు మారితే పేరు మారేది

తెలుగు ఇంటిపేర్లలోనూ చాలా భాగం ఊరి పేర్లే. అయితే తెలుగు కుటుంబం ఊరు విడిచినా పాత ఊరి పేరు వెంట వస్తుంది. ఎన్నో తరాల కిందట వదిలేసిన ఊరు ఈనాటికీ ఇంటిపేరులో నిలిచి ఉంటుంది. నార్వేలో దీనికి పూర్తిగా విరుద్ధం. హౌగెన్ వదిలి డాల్ ఫామ్‌కి మారిన రోజు నుంచి ఓలే హాన్సెన్ హౌగెన్ కాస్తా ఓలే హాన్సెన్ డాల్ అవుతాడు. అక్కడ పుట్టిన పిల్లలు డాల్ అనే రాయబడతారు. హౌగెన్‌లో పుట్టిన పెద్ద కొడుకు బాప్తిస్మం రికార్డులో హౌగెన్, కన్ఫర్మేషన్ (యుక్తవయసులో చర్చిలో విశ్వాసాన్ని ధ్రువపరిచే వేడుక) రికార్డులో డాల్, పెళ్లి రికార్డులో ఇంకో ఫామ్. ముగ్గురు మనుషులనిపించినా అతనొక్కడే.

ఇందులో ఒక మలుపును చాలామంది గమనించరు. ఫామ్‌కి కొడుకులు లేక కూతురే వారసురాలైతే, ఇల్లరికం వచ్చిన అల్లుడు ఆ ఫామ్ పేరుతోనే పిలవబడేవాడు. ఇప్పుడు ఫామ్ పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న కుటుంబం తన తండ్రి, తాత, ముత్తాతల వరుస ఆ ఫామ్‌లోనే మొదలైందని నమ్ముతుంది. నిజానికి పేరు ముత్తవ్వ వైపు నుంచి వచ్చి ఉండొచ్చు. ఫామ్ యజమానులు మాత్రమే ఆ పేరు వాడారనుకోవడం కూడా పొరపాటు. అక్కడ పనిచేసిన పాలేరు, ఫామ్ అంచున గుడిసె వేసుకుని కూలి చేసిన కౌలుదారు కూడా రికార్డుల్లో అదే పేరుతో కనిపిస్తారు. ఒకే ఫామ్ పేరుగల ఇద్దరికి చుట్టరికం ఉండాలని లేదు.

ఇలాంటి కౌలుదారులు పంతొమ్మిదో శతాబ్దంలో బాగా పెరిగారు. 1801లో 8.8 లక్షలున్న జనాభా 1865 నాటికి 17 లక్షలైంది. మశూచి టీకా, బంగాళాదుంప సాగు, యుద్ధాలు లేకపోవడం దీనికి కారణాలుగా చెబుతారు. జనం రెట్టింపైనా నేల పెరగలేదు. దేశ విస్తీర్ణంలో సాగుభూమి 3 శాతం మాత్రమే. ఫామ్ సాధారణంగా పెద్ద కొడుక్కి దక్కేది. మిగతావాళ్లు పాలేర్లుగా, కౌలుదారులుగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ, పేర్లు మారుతూ బతికారు. అమెరికా ఓడ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. వెతకడం కష్టమైన వర్గమే ఎక్కువగా వలస వెళ్లింది కాబట్టి, నేటి వారసులకు ఇంత తిప్పలు.

పట్టణాల్లో కథ వేరు

అధికారులు, పాస్టర్లు, వ్యాపారులు పల్లె జనం కన్నా ముందే స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకున్నారు. వీళ్లలో చాలామంది బయటి నుంచి వచ్చినవాళ్లు. సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ ముత్తాత స్కాట్లండ్ నుంచి బెర్గెన్ వచ్చి స్థిరపడినవాడు. నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ తండ్రి పేరు క్నుడ్. పాత పల్లె పద్ధతిలో అయితే హెన్రిక్ పేరు క్నుడ్సెన్ అయ్యుండేది. ఆ కుటుంబంలో ఇబ్సెన్ అప్పటికే గట్టిపడిన ఇంటిపేరు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మామూలు పట్టణ కుటుంబాలూ ఇదే దారి పట్టాయి. హాన్సెన్ కూతురు హాన్స్‌డాటర్ కాకుండా హాన్సెన్‌గానే కనిపించడం మొదలైంది. దీనివల్ల పట్టణాలు హాన్సెన్, ఓల్సెన్, యొహాన్సెన్, లార్సెన్, ఆండర్సెన్‌లతో నిండిపోయాయి. చివరికి 1923 ఫిబ్రవరి 9 నాటి పేర్ల చట్టం ప్రతి కుటుంబానికీ తరతరాలకూ నిలిచే ఇంటిపేరు ఉండాలని, భార్య భర్త ఇంటిపేరు తీసుకోవాలని చెప్పింది. కొందరు తండ్రి పేరునే స్థిరపరచుకున్నారు, మరికొందరు ఫామ్ పేరు ఎంచుకున్నారు. అన్నదమ్ములు వేర్వేరు ఫామ్‌లలో ఉంటే వేర్వేరు ఇంటిపేర్లు వచ్చాయి. నార్వేలో ఈనాడు కనిపించే ఇంటిపేరు చాలాసార్లు ఆ నాటికి కుటుంబం ఎక్కడుందో చెబుతుంది. అంతకుముందు సంగతి దానికి తెలియదు.

రచయిత క్నుట్ హామ్సున్ పేరు దీనికి మంచి ఉదాహరణ. పుట్టినప్పటి పేరు క్నుడ్ పెడెర్సెన్, పుట్టిన చోటు దేశం మధ్యలోని లోమ్. పసితనంలోనే కుటుంబం ఉత్తరాన హామరోయ్‌లో హామ్సుండ్ అనే ఫామ్‌కి వెళ్లింది. ఆ ఫామ్ పేరే తర్వాత ఆయన పేరైంది. ఇంటిపేరు చూసి ఆయన పూర్వీకులను ఉత్తరాదిలో వెతికితే దొరకరు.

2003లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం తండ్రి పేరుకో తల్లి పేరుకో '-సెన్', '-డాటర్' చేర్చి పెట్టుకునే పద్ధతిని మళ్లీ అనుమతించింది. దేశం మొత్తంలో 200 మంది, లేదా అంతకన్నా తక్కువ మంది వాడే ఇంటిపేరును వాళ్ల అంగీకారం లేకుండా ఇతరులు తీసుకోకుండా కాపాడుతోంది కూడా.

సముద్రం దాటిన పేర్లు

వలస వెళ్లినవాళ్లకు స్థిరమైన ఇంటిపేరు అవసరం 1923 కన్నా చాలా ముందే వచ్చింది. అమెరికాలో భూమి పత్రాలకు, ఉత్తరాలకు, బ్యాంకు ఖాతాకు ఒకే పేరు కావాలి. ఒకే స్థావరంలో ఓలే ఓల్సన్‌లు అరడజను మంది ఉంటే ఎవరి ఉత్తరం ఎవరికి చేరుతుందో తెలియదు. అందుకే చాలామంది ఫామ్ పేరుకు మారారు. కొందరు తండ్రి పేరునే ఇంగ్లిష్ వాళ్ల నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. లీ అనే నార్వే ఫామ్ పేరు ఇంగ్లిష్ ఇంటిపేరు లీతో కలిసిపోయింది. క్వామ్ అనే మరో ఫామ్ పేరు స్పెల్లింగ్ మారింది. ఫుట్‌బాల్ కోచ్ క్నూట్ రాక్నీ పుట్టింది నార్వేలోని వోస్‌లో, కుటుంబం పేరు అక్కడి రోక్నే ఫామ్‌ది. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ పేరు వెనక ఫ్యార్లాండ్ దగ్గరి ముండాల్ ఉంది.

వినగానే అచ్చమైన ఇంగ్లిష్ పేరనిపించే హిల్టన్ కూడా ఇలాంటిదే. హోటళ్ల వ్యాపారి కాన్రాడ్ హిల్టన్ తండ్రి అగస్ట్ హాల్వోర్సెన్ ఓస్లోకు ఉత్తరాన ఉల్లెన్‌సాకెర్ ప్రాంతంలో హిల్టన్ అనే ఫామ్ నుంచి వెళ్లాడు. పేరు వినిపించే తీరును బట్టి మూలదేశాన్ని ఊహించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

భారతీయులకు బాగా తెలిసిన మరో పేరు నార్మన్ బోర్లాగ్. ఈ దేశపు హరిత విప్లవానికి పొట్టి గోధుమ వంగడాలతో దారి చూపిన శాస్త్రవేత్త, 1970 నోబెల్ శాంతి బహుమతి, 2006 పద్మ విభూషణ్ గ్రహీత. ఆయన ముత్తాత, ముత్తవ్వలు 1854లో నార్వే పశ్చిమాన సోన్ ప్రాంతపు ఫెయోస్ నుంచి విస్కాన్సిన్ వెళ్లారు. ముత్తాత పేరు ఓలే ఓల్సన్ డైబెవిగ్, ముత్తవ్వ పేరు సోల్వెయిగ్ థామస్‌డాటర్ రిండే. ఇద్దరి పేర్లలోనూ బోర్లాగ్ అన్న మాటే లేదు. బోర్లాగ్ కోసం వెతికితే ఈ దంపతులు దొరకరు. ఫెయోస్ అనే చోటు తెలిస్తేనే దొరుకుతారు.

న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే కేంద్రమైన ఎల్లిస్ ఐలండ్‌లో అమెరికా అధికారులు పేర్లు మార్చేశారన్న కథ చాలా కుటుంబాల్లో వినిపిస్తుంది. దీనికి ఆధారం లేదు. అక్కడి గుమాస్తాలు ఓడ బయల్దేరిన చోట తయారైన ప్రయాణికుల జాబితాతో సరిచూసేవారు, కొత్త పేర్లు పెట్టలేదు. పైగా ఆ కేంద్రం తెరిచింది 1892లో. 1850, 60లలో నార్వే వలసదారుల్లో ఎక్కువమంది అసలు న్యూయార్క్ రానే లేదు, కెనడాలోని క్యుబెక్‌లో దిగి లోపలికి వెళ్లారు. పేర్లు మార్చుకున్నది ఆ కుటుంబాలే, మెల్లమెల్లగా, కొన్నిసార్లు రెండు మూడు విడతలుగా.

ఫామ్ పేరు ఎంత పాతది?

ఇంటిపేరుగా వందేళ్ల వయసున్న మాట ఫామ్ పేరుగా వెయ్యేళ్లకు పైబడినది కావచ్చు. పురావస్తు పండితుడు ఓలుఫ్ రీగ్ దేశమంతటి ఫామ్ పేర్లను పాత రాతప్రతుల్లోని రూపాలతో సహా పోగుచేశాడు. 1897లో మొదలైన ఆ సంపుటాలు ఆయన చనిపోయాక కూడా కొనసాగాయి. పారిష్ వారీగా ఉన్న ఆ జాబితాకు నేటికీ సాటి లేదు, ఇంటర్నెట్‌లోనూ వెతుక్కోవచ్చు.

పేరు చివరి భాగం చూసి ఫామ్ వయసును కొంతవరకు అంచనా వేస్తారు. '-విన్', '-హైమ్' అని ముగిసేవి వైకింగుల కాలానికి ముందువి. శతాబ్దాల వాడుకలో ఇవి అరిగిపోయి గుర్తు పట్టలేనట్టు ఉంటాయి. '-హైమ్' చాలా చోట్ల '-ఎమ్', '-ఉమ్' అయింది. '-రుడ్' అని ముగిసేవి మధ్యయుగాల్లో అడవి నరికి వేసుకున్నవి, తూర్పు నార్వేలో ఎక్కువ. 1349లో వచ్చిన ప్లేగు జనాభాలో సగానికి పైగా తుడిచిపెట్టింది. దిక్కులేక పాడుబడిన ఫామ్‌లను తరువాతి శతాబ్దాల్లో మళ్లీ ఆక్రమించినప్పుడు కొన్నిటికి పాత పేర్లే మరుగైపోయి, పాడుపడ్డ ఫామ్ అన్న అర్థంలో ఓడెగోర్ అనే పేరు స్థిరపడింది. దేశమంతటా ఆ పేరు కనిపించడానికి ఇదే కారణం.

ఇక్కడొక హద్దు గుర్తుంచుకోవాలి. ఫామ్ పేరు పుట్టుక తెలిస్తే ఆ నేల చరిత్ర తెలుస్తుంది, కుటుంబ చరిత్ర కాదు. హౌగెన్, బక్కెన్, బెర్గ్, డాల్ లాంటి పేర్లు గుట్ట, వాలు, కొండ, లోయలను చెప్పేవి. ఇలాంటి ఫామ్‌లు దేశంలో లెక్కలేనన్ని. పారిష్ తెలియకుండా ఇవి ఎందుకూ పనికిరావు.

ఆధారాలు ఎక్కడున్నాయి

నార్వే జాతీయ ఆర్కైవ్స్ నడిపే డిజిటల్‌ఆర్కివెట్ వెబ్‌సైట్‌లో స్కాన్ చేసిన చర్చి రిజిస్టర్లు, జనగణనలు, వీలునామా పంపకాల పత్రాలు ఉచితంగా చూడొచ్చు. డబ్బు తీసుకునే వంశవృక్ష సైట్లకు వెళ్లేముందు ఇక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

చర్చి రిజిస్టర్లలో మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1623 నాటిది. చాలా పారిష్‌లలో 1600ల చివర, 1700ల మొదటి నుంచి ఉన్నాయి. 1736 నుంచి కన్ఫర్మేషన్ తప్పనిసరి, 1810 నుంచి మశూచి టీకా తప్పనిసరి కావడంతో ఒకే మనిషి గురించి నాలుగైదు చోట్ల రాసుకోవాల్సి వచ్చింది. 1812 తరువాత రిజిస్టరుకు నకలు ఒకటి చర్చి గుమాస్తా దగ్గర విడిగా ఉంచే పద్ధతి వచ్చింది. నిప్పు అంటుకుని ఒకటి పోయినా మరొకటి మిగలడానికి ఇదే కారణం. వివాహేతర సంబంధంలో పుట్టిన బిడ్డలకు కూడా తల్లి చెప్పిన తండ్రి పేరు ఇందులో రాశారు. అలాంటి బిడ్డలకు తండ్రి ఇంటిపేరుపై, ఆస్తిపై చట్టబద్ధమైన హక్కు 1915లో వచ్చింది.

దేశంలో అందరి పేర్లతో తొలి జనగణన 1801లో జరిగింది. ఆ తర్వాత 1855 వరకు జరిగినవి దాదాపు అన్నీ అంకెలకే పరిమితం. 1865 నుంచి మళ్లీ పేర్లు, పుట్టిన చోటు ఉన్నాయి. 1910 జనగణనలో పుట్టిన తేదీ కూడా ఉంది. వలస వెళ్లేవారి వివరాలు పోలీసులు రాసుకున్న జాబితాలు 1860ల చివరి నుంచి రేవుల వారీగా ఉన్నాయి. స్టవాంగర్ పాత జాబితాలు మాత్రం మిగల్లేదు.

వీటన్నిటి మీదా ఉన్న మరో ఆధారం స్థానికంగా అచ్చయిన గ్రామ చరిత్రలు. ఒక్కో ఫామ్‌లో ఎవరు ఎప్పుడు ఉన్నారో తరం వెంట తరం రాసిన పుస్తకాలివి. సరైన పారిష్ దొరికితే ఒక్క పుటలోనే రెండు వందల ఏళ్లు దొరుకుతాయి. జాతీయ గ్రంథాలయం చాలావాటిని డిజిటల్ చేసింది, అయితే కాపీరైట్ ఉన్నవి నార్వే లోపల నుంచే పూర్తిగా తెరుచుకుంటాయి. వీటిని రాసినవాళ్లూ పొరపడ్డారు కాబట్టి, ప్రతి వివరాన్నీ చర్చి రిజిస్టరుతో సరిచూసుకోవాలి.

తడబడే చోట్లు

పాత రాత గోథిక్ లిపిలో, భాష డేనిష్‌లో ఉంటుంది. 1814 దాకా నార్వే డెన్మార్క్ రాజు పాలనలో ఉంది, ఆ తర్వాత కూడా రాతభాష చాలాకాలం మారలేదు. 1700లలో పాస్టర్లు తేదీకి బదులు చర్చి పండుగల లెక్కన 'త్రిత్వ ఆదివారం తర్వాత మూడో ఆదివారం' అని రాశారు. రాజధాని పేరు కూడా క్రిస్టియానియా నుంచి 1925లో ఓస్లోగా మారింది. ఓలే, ఓలా, కారి, కారెన్ రూపాల్లో ఏది రాయాలన్నది రాసేవాడి ఇష్టం.

పిల్లలకు పేర్లు పెట్టే ఆచారం మాత్రం వెతికేవారికి తోడ్పడుతుంది. మొదటి కొడుక్కి నాన్న నాన్న పేరు, రెండో కొడుక్కి అమ్మ నాన్న పేరు, కూతుళ్లకు నానమ్మ, అమ్మమ్మల పేర్లు పెట్టడం రివాజు. భర్తో భార్యో పోయి మళ్లీ పెళ్లయితే, కొత్త సంసారంలో పుట్టిన మొదటి కొడుక్కి పోయిన భర్త పేరో, మొదటి కూతురికి పోయిన భార్య పేరో పెట్టేవారు. పిల్లల పేర్ల వరుస చూసి తాతల పేర్లు ఊహించి, తర్వాత రికార్డులో సరిచూడొచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

ఉత్తరాదిలో సామీ (అక్కడి ఆదివాసులు), క్వెన్ (ఫిన్నిష్ మూలాలున్నవారు) కుటుంబాల విషయం మరింత సున్నితం. ప్రభుత్వం దశాబ్దాలపాటు వాళ్లను నార్వేజియన్లుగా మార్చే విధానం నడిపింది. 1902 నాటి భూచట్టం నిబంధనలు ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో నార్వేజియన్ మాట్లాడి, చదివి, రాయగలిగినవారికే ప్రభుత్వ భూమి అమ్మాలన్నాయి. ఎన్నో కుటుంబాలు సొంత పేర్లను, తర్వాత ఆ మూలం గురించిన జ్ఞాపకాన్నీ వదులుకున్నాయి. 1865 నుంచి జనగణనల్లో ఆ ప్రాంతంవారి జాతి కూడా రాశారు కాబట్టి, ఇంట్లో ఎవరూ చెప్పని సంగతి అక్కడ బయటపడుతుంది.

డీఎన్ఏ పరీక్ష ఈ ఖాళీలను కొంత నింపగలదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ ఇంటిపేరు మారినా మారదు కాబట్టి, వేర్వేరు ఫామ్ పేర్లున్న ఇద్దరు పురుషుల వంశాలు ఒకటేనేమో తేల్చడానికి పనికొస్తుంది. ఇరుకు లోయల్లో తరతరాలు అక్కడక్కడే పెళ్లిళ్లు జరిగాయి. అందువల్ల మామూలు డీఎన్ఏ పరీక్షలో దూరపు బంధువులు దగ్గరివాళ్లలా కనిపిస్తారు. పత్రాల ఆధారం లేకుండా ఆ ఫలితాన్ని నమ్మడానికి లేదు.

ముందు ఏం రాబోతోంది

నార్వేలో జనగణన పత్రాలు వందేళ్లు గోప్యం. 1920 నాటివి 2020 డిసెంబరు 1న తెరిచారు. 1930 నాటివి 2030 డిసెంబరు 1న తెరుచుకోవాలి. 1923 చట్టం తర్వాత జరిగిన మొదటి జనగణన అదే. ఒకే ఫామ్‌లో ఒకే కుటుంబం 1920లో ఏ పేర్లతో ఉందో, పదేళ్ల తర్వాత ఏ ఇంటిపేరు ఎంచుకుందో పక్కపక్కన పెట్టి చూడటం అప్పుడు మొదటిసారి వీలవుతుంది.